చూపులోని తొలి క్షణము

మిట్టమధ్యాహ్నపు టెండలో నడచి వచ్చి సినిమా హాలులో అడుగు పెట్టినవారికి మొదట ఏమియు కనిపింపదు. ఖాళీ కుర్చీ యేదో, అందు కూర్చున్న మనిషి యెవరో తెలియక, చేతులతో తడవుకొనుచు పోవలసి వచ్చును. కొంతసేపటికి కుర్చీల వరుసలు, మనుషుల తలలు, గోడమీది గడియారము ఒకటొకటిగా తేలివచ్చును. హాలులో వెలుతురు పెరిగినది కాదు. మన కంటిలోనే ఏదియో మారినది. ఆ మారిన వస్తువు ఏది? అది ఎట్లు మారును? ఎంత కాలములో మారును? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుటకు శాస్త్రజ్ఞులకు నూరు సంవత్సరములకు పైగా పట్టినది. ఆ చరిత్రనే ఈ ప్రసంగములో మనవి చేయదలచినాము.

మా వృత్తి చెవికి సంబంధించినది. కంటితో నిమిత్తము లేకుండ మాటను ఇంటింటికి చేర్చుటయే రేడియోవారి పని. అట్టి మేము కంటిని గూర్చి మాటాడుటకు ఒక కారణము కలదు. ఈ చరిత్రలోని ముఖ్యమైన ఘట్టమును మొదట ఎవ్వరును చూచి కనుగొనలేదు. లెక్క వేసి కనుగొనిరి. ఆనాటి యే పరికరమునకును అందని సంగతిని 1976లో ఒక గణనము ముందుగా చెప్పినది. అది నిజమని ప్రయోగము తేల్చుటకు మరి పదునైదు సంవత్సరములు పట్టినది. ఆ గణన పద్ధతికి పునాది వేసినవారిలో ఒకరు మన హైదరాబాదున పుట్టినవారు. లోకమంతటను శాస్త్రజ్ఞులు స్మరించు ఆ పేరు మన యిండ్లలో అంతగా వినబడదు. అందుచేతను ఈ కథ చెప్పదగియున్నది.

మొదటి ప్రశ్నకు సమాధానము కప్ప కంటిలో దొరకినది. 1876వ సంవత్సరమున రోము నగరములో ఫ్రాంజ్ బోల్ అను యువ జర్మను శాస్త్రజ్ఞుడు కప్ప కన్నులను పరీక్షించుచుండెను. కంటి లోపల వెనుకగోడకు అంటియుండు పలుచని పొరను రెటీనా యందురు. చీకటిలో ఉంచిన కప్పకు ఈ పొర ఎఱ్ఱగా నుండెను. వెలుతురు సోకిన కొద్దిసేపటికే ఆ యెఱుపు వెలవెలబోయెను. బ్రదికియున్న కప్పను మరల చీకటిలో ఉంచగా రంగు తిరిగి వచ్చెను. చూపునకును ఈ రంగు మార్పునకును సంబంధ ముండవలెనని బోల్ తలచెను. ఆ తలపును కడదాక సాగించుటకు ఆయనకు ఆయువు చాలలేదు. 1879లో, ముప్పది యేండ్ల ప్రాయముననే, ఆయన మరణించెను.

ఆ పనిని హైడెల్బర్గు విశ్వవిద్యాలయములోని విల్లీ క్యూనె చేపట్టెను. ఆయన ఆ రంగు పదార్థమును పిత్తలవణములతో కరగించి రెటీనానుండి వేఱుచేసెను. అదియే నేడు రొడాప్సిన్ అని పిలువబడు ప్రోటీను. మన పాఠ్యపుస్తకముల భాషలో నొక మాంసకృత్తు. క్యూనె చేసిన మరియొక ప్రయోగము లోకములో ఎక్కువ ప్రసిద్ధి చెందినది. ఒక కుందేలు తలను గుడ్డతో కప్పి కొంతసేపు చీకటిలో ఉంచి, పిమ్మట అది మూడు నిమిషములు ఊచల కిటికీవైపు చూచునట్లు చేసి, వెంటనే చంపి, దాని రెటీనాను పటిక నీటిలో నిలువజేసెను. ఆ పొరమీద కిటికీ బొమ్మ, ఊచలతో సహా, అచ్చుపడి కనిపించెను.

పామును చంపినచో దాని కన్నులలో చంపినవాని రూపు నిలిచిపోవుననియు, జోడుపాము ఆ రూపును చూచి పగబట్టుననియు మన పల్లెలలో చెప్పుకొందురు. ఐరోపాలోను, హతుని కంటిలో హంతకుని బొమ్మ నిలుచునని అటువంటి కథలే పుట్టినవి. అవి కథలుగానే మిగిలినవి. నిత్యము కదలుచుండు కంటిలో, ఎప్పటికప్పుడు మారుచుండు వెలుతురులో, అట్టి బొమ్మ నిలువదు. కాని క్యూనె ప్రయోగము ఒక సంగతిని నిస్సందేహముగా తెలిపినది. వెలుతురు కంటిలో ఒక పదార్థమును నిజముగా మార్చుచున్నది. మొదటి ప్రశ్న తీరినది.

రెండవ ప్రశ్న, అనగా ఆ పదార్థము ఎట్లు మారుచున్నదను ప్రశ్న, రేచీకటితో ముడిపడినది. రేచీకటి గలవారు పగలు బాగుగనే చూతురు. దీపములు పెట్టు వేళకు వారికి గడప కనిపింపదు. కాలేయము తినిన ఇది తగ్గునని ప్రాచీన ఈజిప్టు వైద్యులకును గ్రీకు వైద్యులకును తెలియును. ఏల తగ్గునో వారికి తెలియదు. 1933లో జార్జి వాల్డ్ అను అమెరికా యువకుడు బెర్లినులో ఓట్టో వార్బుర్గు ప్రయోగశాలలో పని చేయుచు, రెటీనాలో విటమిను ఏ ఉన్నదని కనుగొనెను. ఆ సంవత్సరమే జర్మనీలో హిట్లరు అధికారమునకు వచ్చెను. వాల్డ్ యూదు కుటుంబములోనివాడు. స్వదేశమునకు మరలవలసి వచ్చెను. పోవుటకు ముందు, క్యూనె పనిచేసిన హైడెల్బర్గులోనే, అక్కడికి వచ్చిపడిన మూడు వందల కప్పలతో ప్రయోగములు చేసి, రొడాప్సిన్ రంగు మారునపుడు బయటపడు మరియొక పదార్థమును కనుగొనెను. దానిని నేడు రెటినాల్ అందురు.

తరువాతి కాలమున హార్వర్డు విశ్వవిద్యాలయములో వాల్డ్, రూత్ హబ్బర్డ్, వారి సహచరులు ఈ శోధనను పూర్తిచేసిరి. రొడాప్సిన్ రెండు భాగముల కూడిక. ఒకటి ఆప్సిన్ అను పెద్ద ప్రోటీను. రెండవది దాని నడిమి గుంటలో ఇమిడియుండు రెటినాల్ అను చిన్న అణువు. ఇది విటమిను ఏ నుండి పుట్టును. దీనికి కర్బన పరమాణువుల గొలుసు ఒకటి కలదు. చీకటిలో ఆ గొలుసు మోచేతివద్ద మడచిన చేయివలె వంగియుండును. కాంతికణము తగులగానే అది చాచిన చేయివలె తిన్ననగును. చూపు విషయమున వెలుతురు చేయు పని యంతయు ఇంతమాత్రమేనని 1958లో హబ్బర్డ్, అల్లెన్ క్రాఫ్ వెల్లడించిరి. ఆ పిమ్మట జరుగు మార్పులకు వెలుతురుతో పనిలేదు. లోపలి చేయి చాచుకొనగా దాని చుట్టునున్న ఆప్సిన్ తన రూపును మార్చుకొనును; ఆ మార్పు కణములో సంకేతమై, నరముల గుండ మెదడునకు చేరును. ఈ పరిశోధనలకు గాను వాల్డునకు 1967లో, మరి యిద్దరితోపాటు, నోబెల్ బహుమానము లభించినది.

మొదట చెప్పిన సినిమా హాలు సంగతి ఇపుడు తేటపడును. యెండలో మన రొడాప్సిన్ చాలవరకు వెలవెలబోయినది. చాచుకొనిన రెటినాల్ మరల మడతపడి ఆప్సినులో కుదురుకొనిన గాని మసక వెలుతురులో చూపు రాదు. ఇందుకు కొన్ని నిమిషములు మొదలు అరగంట దాక పట్టును. ఆహారములో విటమిను ఏ చాలనిచో ఈ కుదురుపాటు కొరవడి రేచీకటి కలుగును. తోటకూర, మునగాకు, బొప్పాయి, గ్రుడ్డు, పాలు మన యింట ఉండవలెనని పెద్దలు చెప్పుటలోని రహస్యము కొంత ఇదియే. మన దేశములో పసిపిల్లలకు ఆరునెలల కొకసారి విటమిను ఏ ద్రవమును నోటిలో పోయు పథకము 1970లో మొదలైనది. దానికి ఆధారము హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి పరిశోధనలు. రేచీకటికి మరియొక కారణమును కలదు. రొడాప్సినును తయారుచేయు జన్యువులోనే దోషము ఉండుట. అట్టి మొదటి దోషమును 1990లో గుర్తించిరి. దానికి ఆకుకూరలు మందు కావు. కనుక పిల్లవానికి రేచీకటి యున్నచో ఇంటి వైద్యముతో సరిపెట్టుకొనక వైద్యునికి చూపుట మంచిది.

ఇక మూడవ ప్రశ్న. మడత విప్పుకొనుటకు ఎంత కాలము పట్టును? ఇది వట్టి కుతూహలముతో అడిగిన ప్రశ్న కాదు. కాంతికణము ఇచ్చిన శక్తిని అణువు తనలో ఎక్కువసేపు నిలుపుకొనలేదు. తడవు చేసిన ఆ శక్తి వేడిమియై చెదరిపోవును. అయినను రొడాప్సిన్ గ్రహించిన ప్రతి మూడు కాంతికణములలో ఇంచుమించు రెండు ఫలించుచున్నవి. ఇంత పొదుపు సాధ్యమగుటకు ఆ పని మిక్కిలి వేగముగా జరుగవలెను. మరియొక వింత యేమనగా, మసక వెలుతురులో చూచుటకు తోడ్పడు దండకణము ఒక్క కాంతికణమునకే స్పందింపగలదని 1942లోనే తేలినది. అట్టి దండకణ మొక్కొక్కదానిలో సుమారు పది కోట్ల రొడాప్సిన్ అణువులు కలవు. కోతి కంటిపై చేసిన ప్రయోగములను 1984లో లెక్కగట్టగా, వెలుతురు తగులకుండ తనంతట తాను విప్పుకొనుటకు ఒక్క రొడాప్సిన్ అణువునకు సగటున నాలుగు వందల సంవత్సరములు పట్టునని తేలినది. చీకటిలో శతాబ్దములు కదలక కూర్చుండగలది, కాంతి తగిలినంతనే ఎంత వేగముగా కదలుచున్నది?

1972లో కొందరు శాస్త్రజ్ఞులు లేసరు మెరుపులతో దీనిని కొలువజూచిరి. సెకనులో లక్షకోట్లవ వంతును పికోసెకను అందురు. ఆరు పికోసెకన్లలోపుగనే తొలి మార్పు ముగియుచున్నదని వారు తెలిపిరి. వారి మెరుపులకు అంతకంటె సూక్ష్మముగా చూచు శక్తి లేదు. అనగా ప్రయోగము తలుపు దగ్గర నిలిచిపోయినది. లోపల ఏమి జరిగినదో తెలిసికొనుటకు మరియొక దారి వెదకవలసి వచ్చినది. ఆ దారి కంటి శాస్త్రమునుండి గాక, ఎచ్చటనో ద్రవపదార్థముల లెక్కలలోనుండి వచ్చినది. కనుక కన్నును కొంతసేపు విడిచి ఆ లెక్కలవైపు పోవలసియున్నది.

కోలాటమును తలచుకొనుడు. నలువదిమంది ఆటగాండ్రు వలయముగా తిరుగుచున్నారు. ఈ క్షణమున ఒక్కొక్కడు ఎచ్చట నున్నాడో, ఎటువైపు ఎంత వేగముగా పోవుచున్నాడో, ప్రక్కవాని కోల తనను ఎటు త్రోయుచున్నదో తెలిసినచో, మరుక్షణమున ప్రతివాడు ఎచ్చట నుండునో చెప్పవచ్చును. ఆ మరుక్షణమునుండి దాని తరువాతి క్షణమునకు, అచ్చటినుండి మరియొకదానికి, ఇట్లు అడుగడుగున లెక్క వేసినచో ఆట యంతయు కాగితముపై నడచును. పరమాణువుల విషయమున చేయు పనియు నిదియే. వానిని నడపు నియమము న్యూటను చెప్పిన చలన సూత్రము. చిక్కు ఎచ్చట ననగా, ఒక్కొక్క అడుగు మిక్కిలి చిన్నదిగా నుండవలెను. అడుగులు వేలు, లక్షలు కావలెను. చేతితో వేయదగిన లెక్క కాదు. గణన యంత్రము వచ్చిన తరువాతనే ఇది సాధ్యమైనది. ఈ పద్ధతికి మాలిక్యులర్ డైనమిక్స్ అని పేరు. అణుచలన గణన మనవచ్చును.

1957లో అమెరికాలోని లివర్మోరు ప్రయోగశాలలో బెర్నీ ఆల్డర్, టామ్ వైన్‌రైట్ అనువారు దీనిని మొదట నడపిరి. వారి పరమాణువులు గట్టి గోళీలవంటివి. తగిలినపుడు ఎగురును గాని, ఒకదాని నొకటి దూరమునుండి ఆకర్షింపవు. నిజమైన పదార్థములో పరమాణువులు అట్లుండవు. నిజమైన పదార్థమును లెక్కలోనికి తెచ్చినవారు అనీసుర్ రహమాన్ గారు.

రహమాన్ గారు 1927లో హైదరాబాదున జన్మించిరి. కేంబ్రిడ్జిలో గణితమును భౌతికశాస్త్రమును చదివి, బెల్జియములోని లూవేన్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొంది, తిరిగి వచ్చి ఉస్మానియా విశ్వవిద్యాలయములో కొంతకాలము బోధించిరి. 1960లో షికాగో సమీపముననున్న ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో చేరిరి. అచ్చట 1964లో ఆయన ప్రకటించిన వ్యాసము ఈ శాస్త్రమునకు మూలస్తంభము. ఆ ప్రయోగశాల పేరును, ఆయన ఎన్నుకొనిన పదార్థము పేరును మన చెవికి ఒకటిగనే వినబడుట కాకతాళీయము. ఆర్గాన్ అను వాయువును సున్నకు దిగువ సుమారు 186 డిగ్రీలకు చల్లార్చిన ద్రవమగును. అట్టి ద్రవములోని 864 పరమాణువులను ఆయన సి.డి.సి. 3600 అను గణన యంత్రములో ఉంచి, అవి ఒకదాని నొకటి లాగుకొనుచు, త్రోసికొనుచు ఎట్లు తిరుగునో అడుగడుగున లెక్కించిరి. ఆ లెక్క తెలిపిన పరమాణువుల అమరిక, అవి ద్రవములో వ్యాపించు వేగము, ప్రయోగములలో కొలిచిన విలువలతో చాలవరకు సరిపడినవి. 1971లో ఫ్రాంక్ స్టిలింజరుతో కలిసి ఆయన 216 నీటి అణువులను ఇట్లే నడపిరి. చల్లని ఆర్గాన్ దాటి, జీవమునకు ఆధారమైన నీటివరకు లెక్క వచ్చినది. ఇక మిగిలినది ప్రోటీను.

ప్రోటీనువైపు నడచినవారిలో మార్టిన్ కార్ప్లస్ ఒకడు. వియన్నాలో పుట్టి, నాజీల బారినుండి తప్పించుకొని బాల్యముననే అమెరికా చేరినవాడు. హార్వర్డులో విద్యార్థిగా వాల్డ్ పాఠములు వినినవాడు. 1971లో బారీ హోనిగ్‌తో కలిసి ఆయన రెటినాల్ అణువు మెలికలను లెక్కించెను. కార్ప్లస్ వద్ద కొంతకాలము పనిచేసిన ఇజ్రాయెలు దేశీయుడు ఆరియే వార్షెల్ మరియొక అడుగు ముందుకు వేసెను. వెలుతురు తగిలిన తరువాత రెటినాల్ నడకను క్షణక్షణము లెక్కింపవలెనని ఆయన సంకల్పించెను.

ఇందు రెండు చిక్కులు కలవు. కాంతికణము తగిలిన అణువు న్యూటను నియమములకు మాత్రమే లోబడదు. ఎలక్ట్రానుల స్థితిని క్వాంటము శాస్త్రముచేత లెక్కింపవలెను. వార్షెల్ ఈ రెండింటిని కలిపెను. రెండవ చిక్కు మరింత పెద్దది. రొడాప్సిన్ లోపలి నిర్మాణము ఆనాటికి ఎవ్వరికిని తెలియదు. రెటినాల్ ఇరుకైన గుంటలో ఉన్నదని మాత్రము తెలియును. కనుక వార్షెల్ ఆ యిరుకును ఒక కట్టుబాటుగా లెక్కలో చేర్చెను. ఇరుకు గదిలో నిలువుకఱ్ఱను అడ్డముగా త్రిప్పుట కష్టము గదా! రెటినాల్ మడత విప్పుకొనునపుడు దాని కొన ఎక్కువ దూరము కదలిన చుట్టునున్న ప్రోటీను అడ్డుపడును. గణనము దీనికి ఒక ఉపాయమును చూపినది. గొలుసులోని రెండు బంధములు ఒకేసారి, ఒకటి కుడివైపు, ఒకటి యెడమవైపు తిరిగినచో కొనలు ఇంచుమించు ఉన్నచోటనే యుండును. నడిమి భాగము మాత్రము సైకిలు పెడలువలె గిర్రున తిరుగును. అందుచేత దీనికి సైకిలు పెడలు నమూనా యని పేరు వచ్చినది.

1976లో నేచర్ పత్రికలో వచ్చిన ఆ వ్యాసము మూడవ ప్రశ్నకు సమాధానమును చెప్పినది. తొలి మెలికకు పట్టు కాలము సుమారు 200 ఫెమ్టోసెకన్లు. పికోసెకనులో వేయవ వంతు ఫెమ్టోసెకను. ఈ కొలతను ఊహించుటకు ఒక ఉపమానము చెప్పెదము. ఒక్క సెకనును సాగదీసి లక్షా యేబదియెనిమిది వేల సంవత్సరములంత చేసినచో, ఈ మెలిక అందులో ఒక్క సెకనులో ముగియును. లోకములో అన్నిటికంటె వేగముగా పోవు వెలుతురు సైతము 200 ఫెమ్టోసెకన్లలో ఒక మిల్లీమీటరులో పదునారవ వంతు దూరమైనను పోజాలదు. జీవుల శరీరములో జరుగు ఒక క్రియను ఇట్లు పరమాణు చలనముగా గణించిన తొలి ప్రయత్నము ఇదియే.

ఇచ్చట మనము ఆగి ఒక ప్రశ్న వేసికొనవలెను. ఈ మాటను ఆనాడు ఎవరైన నమ్మదగునా? నిర్మాణము తెలియని ప్రోటీనును గూర్చి, కొలువశక్యము కాని కాలమును గూర్చి, ఊహించిన కట్టుబాటుతో వేసిన లెక్క అది. సందేహించుట తప్పు కాదు. మన పంచాంగకర్తలు గ్రహణమును ముందుగా చెప్పుదురు. ఆ గణితమును మనము నమ్ముటకు కారణము చెప్పినవారి గాంభీర్యము కాదు. చెప్పిన ఘడియకు గ్రహణము పట్టుటయే. గణనము సత్యమునకు వ్రాసియిచ్చిన పత్రము వంటిది. గడువునాడు సొమ్ము చెల్లిన గాని పత్రమునకు విలువ లేదు. వార్షెల్ పత్రము పదునైదేండ్లు చెల్లకయే యున్నది.

అది చెల్లిన సంవత్సరము 1991. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరములో రిచర్డ్ మాథీస్, చార్లెస్ షాంక్, వారి సహచరులు రొడాప్సినుపై ఫెమ్టోసెకన్ల మెరుపులను ప్రయోగించిరి. ఒక మెరుపు అణువును కదలించును. కొంచెము వెనుకగా వచ్చిన రెండవ మెరుపు అది ఎంతవరకు మారినదో తెలుపును. రెండింటి నడుమ ఎడమును కొద్దికొద్దిగా మార్చుచు పోయిన మార్పు నడకయంతయు తెలియును. తొలి మార్పు 200 ఫెమ్టోసెకన్లలో ముగియుచున్నదని వారు ప్రకటించిరి. గ్రహణము చెప్పిన ఘడియకు పట్టినది.

అయినను గణనమే సర్వమును చెప్పినదని మేము అనము. సైకిలు పెడలు నమూనాలో తరువాతి కాలమున మార్పులు చేయవలసి వచ్చినది. మడత విప్పుకొనునది ఒక్క బంధమే. తక్కినవి కొంత మెలిపడి మరల సర్దుకొనునని తరువాతి లెక్కలు తెలిపినవి. 2000వ సంవత్సరమున క్రిస్టఫ్ పాల్చెవ్‌స్కీ, ఆయన సహచరులు ఆవు కంటినుండి తీసిన రొడాప్సినును స్ఫటికముగా చేసి, ఎక్స్‌కిరణములతో దాని నిర్మాణమును చూపిరి. 348 అమైనో ఆమ్లముల గొలుసు కణపు పొరకు అడ్డముగా ఏడుమారులు దూరి, ఏడు స్తంభముల మండపమువలె నిలిచినది. ఆ మండపము నడుమ రెటినాల్ కలదు. దానితో ఊహించిన గుంటకు మారుగా నిజమైన గుంట లెక్కలోనికి వచ్చినది. కొవ్వు పొరతోను నీటితోను సహా రొడాప్సినును గణించి, ప్రోటీను మేల్కొనునపుడు దాని లోపలికి నీరు చేరునని 2008లో ఒక గణనము చూపినది. 2023లో ఎక్స్‌కిరణ లేసరులతో, వెలుతురు తగిలిన ఒక పికోసెకనుకు రెటినాల్ మెలిపడియున్న రూపమునే శాస్త్రజ్ఞులు చిత్రించిరి. బోల్ కప్ప కంటిలో చూచిన ఎఱుపు మాయమగుటలోని తొలి క్షణము నూటనలువదియేడు సంవత్సరములకు ఇట్లు చిత్రమునకు ఎక్కినది.

లెక్కయును ఈ లోపల ఎంతయో పెరిగినది. 1976లో ఫ్రాన్సులోని ఓర్సేలో ప్రోటీనుల చలనమును గూర్చి ఒక కార్యశాల జరిగినది. అందు రహమాన్ గారును పాల్గొనిరి. ఆ రోజులలోనే ఆండ్రూ మెకామన్, బ్రూస్ గెలిన్, కార్ప్లస్ 58 అమైనో ఆమ్లముల చిన్న ప్రోటీనును గణించి, 1977లో ప్రకటించిరి. ఆ గణనము నడచిన కాలము పది పికోసెకన్లకు లోపు. 2010లో డేవిడ్ షా బృందమువారు ఇందుకే ప్రత్యేకముగా నిర్మించిన యంత్రముతో అదే ప్రోటీనును ఒక మిల్లీసెకను నడపిరి. ముప్పదిమూడేండ్లలో ఇది ఇంచుమించు పది కోట్ల రెట్ల పెరుగుదల. 2013లో కార్ప్లస్, మైకేల్ లెవిట్, వార్షెల్ మువ్వురికిని రసాయనశాస్త్రమున నోబెల్ బహుమాన మిచ్చిరి.

ఇది మన నిత్యజీవితమునకు ఎట్లు ఉపకరించునని గృహస్థులు అడుగుట న్యాయము. ఏడు స్తంభముల మండపము కంటిలో మాత్రమే లేదు. వాసన గ్రహించుటకును, గుండె వడిని మార్చుటకును, ఊపిరి గొట్టములను వదులుచేయుటకును అట్టి ప్రోటీనులే కలవు. ఉబ్బసమునకు పీల్చు మందు పనిచేయునది అటువంటిదానిమీదనే. నేడు వాడుకలోనున్న మందులలో ఇంచుమించు మూడవ వంతు ఈ కుటుంబముపైననే పనిచేయుచున్నవి. ఆ కుటుంబములో ఎక్స్‌కిరణములకు మొదట లొంగి నిర్మాణము తెలిపినది రొడాప్సినే. మందు అణువు ఏ గుంటలో ఎట్లు ఇముడునో తెలిసికొనుటకు రహమాన్ గారు ఆర్గానుతో మొదలిడిన లెక్కనే నేడు ఔషధ పరిశోధకులు వేయుచున్నారు.

రహమాన్ గారు కంటిని గూర్చి పరిశోధన చేయలేదు. ఆ మాట స్పష్టముగా చెప్పవలెను. ఆయన చేసినది దారి వేయుట. 1985లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమునకు మారి, 1987లో ఆయన స్వర్గస్థులైరి. బర్క్‌లీ ప్రయోగమునకు నాలుగేండ్ల ముందు; నోబెల్ బహుమానమునకు ఇరువదియారేండ్ల ముందు. నోబెల్ బహుమానము గతించినవారికి ఈయరు. అమెరికా భౌతికశాస్త్ర సంఘమువారు మాత్రము గణన భౌతికశాస్త్రములో కృషి చేసినవారికి 1993నుండి ఆయన పేర బహుమానము ఇచ్చుచున్నారు. ఉస్మానియాలో పాఠములు చెప్పి వెళ్ళిన ఆ గురువును మన విద్యార్థులు ఎఱిగియుండుట మనకు గౌరవము.

ఈ రాత్రి పడుకొనబోవునపుడు దీపము ఆర్పి కొంతసేపు కన్నులు తెరచియే యుండుడు. మొదట చిమ్మచీకటి. తరువాత కిటికీ, తలుపు, మంచపుకోడు. ఆ వేళ మీ కంటిలో కోట్లకొలది రెటినాల్ అణువులు మరల మడతపడి, తమ తమ గుంటలలో కుదురుకొనుచుండును. అందులో ఒక్కొక్కటి వీథిదీపపు వెలుతురు తునక కొరకు వేచియుండును. ఆ వెలుతురు వచ్చిన పిమ్మట జరుగు పనికి ఎంత కాలము పట్టునో మీకు ఇపుడు తెలియును.